మూడో మలుపు దగ్గర ఈల

నలభై ఒకటి, అన్నాడు వెనక సీట్లోంచి ఆమె భర్త, ఒళ్ళో ఉన్న మీటరు చూసి, పరీక్ష ఫలితాలు చదివినంత గంభీరంగా. నలభై ఒక్క డిగ్రీలంటే గేర్ బాక్సులో నూనె ఇంకా స్నానానికి కాచిన నీళ్ళంత వేడికే వచ్చింది, తొంభై రావాలి, వచ్చాక నీళ్ళ ట్యాంకు కొండ ఎక్కాలి, ఎక్కుతుంటే మూడో మలుపు దగ్గర బండి వణకకూడదు, ఇంతే, చెప్పుకోవడానికి మూడు ముక్కలు, కానీ స్టీరింగు మీద ఆమె వేళ్ళు అప్పుడే కొండ ఎక్కేసి దిగి మళ్ళీ ఎక్కుతున్నాయి. ఊరు చుట్టూ ఇది రెండో చుట్టు. మందుల షాపు, బడి ప్రహరీ, అద్దాలు తుడిచే మనిషి వేసిన నిచ్చెన, మళ్ళీ మందుల షాపు. పక్క సీట్లో మావయ్య, అమ్మకు అన్న, మెకానిక్ షెడ్డుకు యజమాని, ఇరవై రెండేళ్ళుగా ఆమెకు పని నేర్పుతున్న మేస్త్రి, ఇవాళ మాత్రం వట్టి బరువు. వెనక అమ్మ, చేతిసంచిని పొట్టకు అదుముకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు. అమ్మ పక్కన భర్త. బేకరీ నడుపుతాడు, చేసిన ప్రతిదాన్నీ రుచి చూడడం బాధ్యతగా పెట్టుకున్నాడు కాబట్టి మనిషి రెండు సీట్లకు సరిపోతాడు, ఆ బరువును ఆమె దెప్పిపొడవని రోజు పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో లేదు, ఇవాళ పొద్దున మాత్రం, నువ్వు రాకపోతే కుదరదయ్యా, నీ అంత మనిషి నాకెక్కడ దొరుకుతాడు, అని బతిమాలింది. ఆయన మురిసిపోయి కొట్టు మూసేసి మరీ వచ్చాడు. వాళ్ళ వెనక మనుషులు లేరు, రెండు పెద్ద డ్రమ్ములు, ఏనుగు తొండంలా చుట్టుకున్న ట్యూబా అనే పెద్ద బాకా, బట్టల్లో చుట్టకుండా వదిలేసిన, బ్యాండులో వాయించే రెండు ఇత్తడి తాళాలు ఉన్నాయి.

తాళాలను అలా వదిలేయమన్నది ఆమే. బండి వణికితే అవే చెబుతాయి. బండి బ్యాండు మాస్టారిది, ఆదివారాలు పార్కులో వాయించే ఐదుగురు వాయిద్యగాళ్ళనూ వాళ్ళ సరంజామానూ మోసుకు తిరిగే మినీవ్యాన్, దాని జబ్బు ఎలాంటిదంటే బరువుండాలి, బాగా వేడెక్కాలి, ఎత్తు ఎక్కుతుండాలి, ఈ మూడూ కలిస్తేనే బయటపడుతుంది, మామూలుగా చూస్తే పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లంత బుద్ధిగా ఉంటుంది. పెద్ద వర్క్‌షాపులో ఒక్కడే ఎక్కి చదును రోడ్డు మీద నడిపి చూసి, కంప్యూటరు తగిలించి, బెల్టు పోయింది, బాక్సు మొత్తం మార్చాలి అన్నారట. మాస్టారు అప్పుడు మావయ్య షెడ్డుకు వచ్చాడు. వచ్చి ఒక మాట చెప్పాడు, ఆ మాట ఆమె చెవిలో ఇంకా తిరుగుతూనే ఉంది. "మూడో మలుపు దగ్గర స్వరం పెరుగుతుందమ్మా, బండి పెరగదు." ఎంత చక్కగా చెప్పాడు, పుస్తకాలు నాలుగు పేజీలు రాసే సంగతి, ఇంజను అరుస్తుంది, చక్రాలకు ఆ అరుపు అందదు, మధ్యలో ఏదో జారుతోంది, జారి పట్టుకుని, జారి పట్టుకుని, అదే వణుకు. ఆ మాస్టారు ఇప్పుడు బండిలో లేడు. షెడ్డు నియమం ఒప్పుకోదు. బండి విప్పిన చేతులు ముందు తమ ఇంటివాళ్ళను ఎక్కించుకుని తిప్పాలి, ఆ తరవాతే సొంతదారు ఎక్కాలి, మావయ్య పెట్టిన నియమం, బ్రేకులు చూసినా ఇంజను దింపినా ఇదే. మాస్టారు కొండ మీదకు నడిచిపోయి నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి ఉంటాడు. రాత్రంతా నిద్ర పట్టలేదన్నాడు. నాకు పట్టిందా ఏమిటి, అనుకుంది ఆమె.

యాభై ఎనిమిది, అన్నాడు భర్త. "ఇందులో బిస్కెట్లు కాల్చుకోవచ్చా?" "నూట ఎనభై కావాలన్నావుగా వాటికి, నోరు మూసుకుని కూర్చో," అంది ఆమె, నవ్వు ఆపుకోలేక. నవ్వు ఎందుకొస్తోందో తెలియడం లేదు, భయానికా, సంబరానికా, రెండూ ఒకే గొట్టంలోంచి వస్తున్నాయి. మావయ్య నవ్వలేదు. ఆయన కుడి అరచెయ్యి డాష్‌బోర్డు మీద పరిచి ఉంది, డాక్టరు రోగి వీపు మీద పెట్టినట్టు, బండెక్కినప్పటి నుంచీ తీయలేదు. ఒకప్పుడు ఆ చేతిలో పొడవాటి స్క్రూడ్రైవరు ఉండేది, దాని మొన ఇంజనుకు ఆనించి పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, మూడో గేరు పన్ను విరిగింది, అనేవాడు, విప్పి చూస్తే మూడో గేరే, విరిగింది పన్నే. వినని గిరాకీలను చూసి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందిరా నీతో, అనడం ఆయన ఊతపదం. ఆ మాట ఆయన నోట విని ఏడాది దాటింది. ఆమెకు ఆ సంగతి ఈ వారమే తట్టింది, తట్టినప్పుడు చేతిలో పానా జారి కాలి మీద పడింది.

పళ్ళు లేని గేర్ బాక్సేమిటే, ముసలిదాని నోరా, అనేవాడు మావయ్య ఈ రకం బండ్లు వచ్చిన కొత్తల్లో. నిజమే, ఇందులో పళ్ళచక్రాల మెట్లు లేవు, రెండు కప్పీలు, వాటి మధ్య ఉక్కు ముక్కలు కూర్చిన బెల్టు, కప్పీ వెడల్పయితే బెల్టు లోపలికి దిగుతుంది, ఇరుకైతే పైకి వస్తుంది, వేగం మెట్లెక్కదు, నున్నగా ఏటవాలుగా పైకి పోతుంది. బెల్టును కప్పీలు పట్టి ఉంచేది నూనె ఒత్తిడి. ఇంతే కదా, ఇది మా అమ్మ కుట్టుమిషనే కదా, అనిపించింది ఆమెకు మొదటిసారి విప్పినప్పుడు. అమ్మ మిషను తొక్కుతుంటే ఆమె కింద కూర్చునేది, తోలు బెల్టు పెద్ద చక్రం మీంచి చిన్న చక్రం మీదకు పరిగెత్తుతుంటే వేలు పెట్టి తన్నులు తినేది, ఒకనాడు బెల్టు జారిపోతుంటే అమ్మ కొత్త బెల్టు కొనబోయి ఆగి, చీర కొంగుతో చక్రాన్ని తుడిచింది, అంతే, మిషను గుర్రంలా పరిగెత్తింది. చక్రానికి జిడ్డు పట్టిందే, బెల్టును తిట్టి ఏం లాభం, అంది అమ్మ. అంత చిన్న మాట ముప్పై ఏళ్ళు కడుపులో పడి ఉండి, సరిగ్గా కావలసిన రోజున లేచి కూర్చుంది.

డెబ్బై రెండు. సిగ్నలు పడింది, ఆగింది, మెల్లగా కదిలింది, నున్నగా, అబ్బ, వెన్న, కానీ చదును రోడ్డు మీద ఎప్పుడైనా వెన్నే, సంబరపడకు. మాస్టారు బండి తెచ్చిన రోజు కూడా ఇలాగే ఉంది చదును మీద. ఆ రోజు బండి నడిపింది మావయ్య, పక్కన మాస్టారు, వెనక ఆమె, వాయిద్యాలు నింపుకుని కొండెక్కారు, మూడో మలుపు తిరగ్గానే ముందు ఒక ఈల. సన్నగా, దారంలా, ఎక్కడో కింద, దాని వెనకే వణుకు, తాళాలు జణజణమని మోగాయి. మావయ్య బండి ఆపి, అరచెయ్యి గేరు కర్ర మీద ఉంచి, బెల్టు పోయింది మాస్టారూ, పెద్ద వర్క్‌షాపు వాళ్ళు చెప్పింది నిజమే, బాక్సు మార్చాల్సిందే, అన్నాడు. ఆమె వెనక నుంచి అంది, "మావయ్యా, మరి ఆ ఈల?" "ఏ ఈల?" అన్నాడు. మాస్టారు అద్దంలో ఆమె వైపు చూశాడు. ఆ ముఖంలో ఆమెకు తెలిసిపోయింది, ఆయన విన్నాడు, ఆమె విన్నది, వినని మనిషి ఒక్కడే. ట్యూబా ఊదే మనిషి, స్వరం కోసమే బతికే మనిషి, నోరు విప్పి ఒక్క మాట అంటే చాలు, అనలేదు, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. ఆ మర్యాదకు ఆమె ఆయనకు జన్మంతా బాకీ.

ఈల అంటే నూనె ఎక్కడో ఒత్తిడి మీద సందులోంచి కారిపోతోందని. ఒత్తిడి పోతే కప్పీ పట్టు వదులుతుంది, పట్టు వదిలితే బెల్టు జారుతుంది, అంటే తప్పు బెల్టుది కాదు, పట్టుది. ఇది చెప్పాలంటే ఈల సంగతి చెప్పాలి, ఈల సంగతి చెబితే గిరాకీ ముందు మావయ్య చెవుల సంగతి, సన్నని చప్పుళ్ళు వాటికి అందడం లేదని, చెప్పినట్టే. ఆమె అదేమీ చెప్పలేదు. "బెల్టు కాదు మావయ్యా," అంది, అంతే, కారణం లేదు, వివరం లేదు, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, గిరాకీ ముందు, మొండిగా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు. మావయ్య ముఖం ఎర్రబడింది. "సరే, నువ్వే విప్పు. నువ్వే బిగించు. మీ అమ్మనెక్కించుకుని నువ్వే ఈ కొండెక్కు. ఇదే వణుకు మళ్ళీ వస్తే నోరెత్తకుండా బాక్సు మార్చు, ఇంకెప్పుడూ ఈ పళ్ళు లేని వాటి జోలికి నా షెడ్డులో పోవద్దు," అన్నాడు. మరి రాకపోతే, అని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. కానీ షెడ్డులో పనిచేసే ఎవరికైనా తెలుసు. ఏ బండికి పని చేసినా దాని నూనె పళ్ళెం అడుగున మావయ్య గుర్తు కొడతారు, సున్నా, మధ్యలో చుక్క. రేపు బండి తిరిగొస్తే తిట్లు ఎవరికి పడాలో తెలియాలి కదా, అంటాడు ఆయన. ఆమె చేసిన పనులన్నిటికీ ఇరవై రెండేళ్ళుగా ఆ సున్నానే కొడుతోంది, ఆమె తప్పుల తిట్లన్నీ ఆయనే తిన్నాడు, ఒక్కసారీ తిరిగి ఆమెకు వడ్డించలేదు. సొంత గుర్తు ఎవరూ అడిగి తీసుకోరు. ఆయనే గుర్తు కొట్టే మేకును చేతిలో పెట్టాలి.

బడి వదిలినట్టున్నారు, రోడ్డంతా పిల్లలు, ఆమె మెల్లగా పోనిచ్చింది. నూనె దింపిన రోజు గుర్తొచ్చింది, పళ్ళెంలో అయస్కాంతం మీద బూడిదలాంటి ఇనుప పొడి, వేళ్ళ మధ్య నలిపితే సుర్మాలా మెత్తగా ఉంది, ముక్కలు లేవు, ముక్కలు లేవంటే బెల్టు తెగలేదు. సన్నని కెమెరా రంధ్రంలోంచి లోపలికి పంపి చూసింది, కప్పీల ముఖాలు అద్దాల్లా ఉన్నాయి, ఒక్క గీత లేదు, అప్పుడే ఆమెకు ఒళ్ళంతా జల్లుమంది, ఒంటరిగా షెడ్డులో నిలబడి గట్టిగా ఒక్క కేక వేసింది, బయట వెళ్ళేవాళ్ళు పాము కనిపించిందేమో అనుకున్నారు. నూనెకు దారి తెరిచి మూసే వాల్వుల దిమ్మ దింపి ఒక్కో వాల్వునూ తీసి తన బరువుకు తానే జారుతోందా లేదా అని వంచి చూసింది. ఒకటి జారింది, రెండు జారింది, మూడు జారింది, ఆరోది చల్లగా ఉన్నప్పుడు జారింది, వేడినూనెలో ముంచి తీస్తే సగంలో ఆగిపోయింది. అలిగిన పిల్లాడు గుమ్మంలో నిలబడ్డట్టు, అటూ కాదు ఇటూ కాదు. చిటికెనవేలంత వాల్వు. దాని ఒంటి మీద, పట్టి చూస్తే తప్ప కనిపించని ఒరిపిడి. సగంలో ఆగితే సందు తెరిచే ఉంటుంది, ఇదీ ఈల, ఇదీ వణుకు, దీని కోసం మొత్తం బాక్సు మారుద్దామన్నారు. గీతలు పడనంత సన్నరకం గరుకు కాగితంతో రెండు రోజులు రుద్దింది, రుద్ది ముంచి, రుద్ది ముంచి, చివరికి వేడిలోనూ అది తనంతట తాను జారి అరచేతిలో పడితే, దాన్ని ముద్దు పెట్టుకుంది. నిజంగానే పెట్టుకుంది. మూతి నూనె నూనె అయింది.

ముద్దు పెట్టుకున్న సంబరంలో చేసిన వెధవ పని కూడా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. నిన్న బిగించి, నూనె పోసి, షెడ్డు ముందు నడిపితే బండి కదలనని మొరాయించింది, కదిలినా ఎడ్లబండిలా ఒకే తీరు, ఎంత తొక్కినా వేగం పెరగదు. ప్రాణం పోయినంత పనైంది. ఆమె మీటరు తగిలించి అంకెలు చూస్తూ చెమటలు కక్కుతుంటే మావయ్య వచ్చి, ఏమీ అడక్కుండా కిటికీలోంచి చెయ్యి పెట్టి డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించాడు. పది అడుగులు పక్కన నడిచాడు. "లోపల ఒకటి ఇంకోదాని చెయ్యి పట్టుకోలేదే. మళ్ళీ విప్పు," అని వెళ్ళిపోయాడు. విప్పి చూస్తే నిజం, కప్పీ ఎక్కడుందో వాల్వుకు చెప్పే చిన్న కర్ర, దాని పిన్ను గాడిలో పడలేదు, పక్కన వేలాడుతోంది. పళ్ళు లేని బాక్సంటే గిట్టని మనిషి, ఎప్పుడూ విప్పి చూడని మనిషి, అరచేత్తో చెప్పాడు. ఆమెకు అప్పుడు ఏడుపొచ్చింది, ఏ గుట్టునైతే దాస్తున్నానని అనుకుంటోందో ఆ గుట్టు చుట్టూ ఆ మనిషి ఎంత దారి తవ్వుకున్నాడో అర్థమై. గెలవాలని ఉంది. చచ్చేంతగా గెలవాలని ఉంది. గెలిస్తే ఆయన చెప్పింది తప్పవుతుంది. ఈ రెండూ ఒకే సీట్లో ఎలా కూర్చుంటాయో తెలియడం లేదు, కూర్చున్నాయి.

ఎనభై ఏడు. ఎనభై తొమ్మిది. "తొంభై!" అని భర్త అరిచిన అరుపుకు అమ్మ ఉలిక్కిపడి చేతిసంచి జారవిడిచింది. తొంభై, తొంభై, ఆమె కుడివైపు తిప్పింది, కొండ రోడ్డు. మొదటి మలుపు, చెట్ల నీడ, బండి బరువు వెనక్కి వాలింది, డ్రమ్ములు ఒకదానికొకటి ఆనుకున్నాయి, ఇంజను స్వరం పెరిగింది, బండీ పెరిగింది, ఆగు, ఇప్పుడే కాదు. రెండో మలుపు, ఎవరో గేటుకు రంగు వేస్తున్నారు, నీలం రంగు, నలభై వేగం, నలభై రెండు, కాలు కింద తొక్కుడు కొంచెం కొంచెంగా, గుడ్డు మీద కాలు పెట్టినట్టు. పిన్ను పడింది కదా, పడింది, చేత్తో కదిపి చూశాను, మూడుసార్లు చూశాను. ఆరో వాల్వు. వేడిలో జారింది. ఏడుసార్లు జారింది. ఎనిమిదోసారి చూడలేదే, ఎందుకు చూడలేదు, చూసి ఉండాల్సింది. మావయ్య అరచెయ్యి డాష్‌బోర్డును గట్టిగా అదిమింది, వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి. మూడో మలుపు. మైలురాయి, విరిగిన గోడ, గోడ మీద ఎండ, ఇక్కడే, ఇదిగో, ఇప్పుడే, ఆమె తొక్కింది, చెవులు మనిషంత పెద్దవయ్యాయి, ఇంజను గొంతెత్తింది, ఈల, ఈల ఎక్కడ, టైర్ల చప్పుడు, అమ్మ ఊపిరి, భర్త ఊపిరి, ట్యూబా గొట్టంలో గాలి, తాళాలు, తాళాలు... పడుకున్న పిల్లల్లా ఉన్నాయి. బండి ఎక్కుతోంది. నలభై అయిదు. గోడ వెనక్కి పోయింది. నలభై ఎనిమిది. ఎక్కుతోంది ఎక్కుతోంది, మెట్టు లేకుండా, కుదుపు లేకుండా, ఎవరో కింద నుంచి అరచేతుల్లో పెట్టుకుని ఎత్తుతున్నట్టు ఎక్కుతోంది.

అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. మూసుకున్న కళ్ళతోనే అడిగింది, "ఆ వణుకేదో ఎప్పుడొస్తుందే? నడుం పట్టేస్తోంది ఇలా బిగబట్టి."

"దాటిపోయామమ్మా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఓసి నీ... చెప్పొద్దూ!" అంది అమ్మ, భర్త పగలబడి నవ్వాడు, ఆ నవ్వుకు బండి ఊగింది కానీ అది వేరే వణుకు, ఆమె కూడా నవ్వింది, నవ్వుతూ కొండ మీదకు ఎక్కించి, నీళ్ళ ట్యాంకు నీడలో ఆపి, ఇంజను కట్టేయకుండా చేతిబ్రేకు లాగి, కాళ్ళు రెండూ కింద పెట్టి కూర్చుంది. మాస్టారు అప్పటికే రోడ్డు మధ్యకు వచ్చి నిలబడి ఉన్నాడు. మూడో మలుపు నుంచీ బండి చప్పుడు వింటూనే ఉన్నాడు. రెండు చేతులూ పైకెత్తి, పాట అయిపోయాక బ్యాండును ఆపినట్టు, గాల్లో ముడిచాడు.

మావయ్య మాత్రం అరచెయ్యి తీయలేదు. ముందుకే చూస్తున్నాడు. అమ్మా, భర్తా దిగి మాస్టారి దగ్గరకు పోయాక, తలుపు వేసుకున్న చప్పుడు అయ్యాక, మెల్లగా అడిగాడు.

"ఆ ఈల... ఆగిందా?"

ఆమె ఆయన వైపు తిరిగింది. తెలుసన్నమాట. ఆ రోజే తెలుసు, ఏ ఈల అని అడిగిన క్షణమే, అద్దంలో ఆమె, మాస్టారు చూసుకున్న చూపు ఆయనా చూశాడు. తెలిసే, నువ్వే విప్పు అన్నాడు. తన చెవి మీద ఆయనకు నమ్మకం పోయింది కాబట్టి, ఆమె చెవి మీద ఉందో లేదో తేల్చుకోవాలి కాబట్టి.

"ఆగింది మావయ్యా. ఒక్క రవ్వ కూడా లేదు."

ఆయన చెయ్యి తీశాడు. డాష్‌బోర్డు మీద చెమట అరచెయ్యి అచ్చు పడింది. చొక్కా జేబులోంచి గుర్తు కొట్టే మేకు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. పొద్దున ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే జేబులో వేసుకున్నాడు, వణుకు వస్తుందో రాదో తేలకముందే.

"సున్నా కొట్టకు. అది నాది," అన్నాడు. "నీ తిట్లు ఇక నువ్వే తిను."

ఇంజను ఆపి దూరితే బండి కింద నేల చల్లగా ఉంది. నూనె పళ్ళెం వేడిగా ముఖానికి కొడుతోంది. ఆమె వెల్లకిలా పడుకుని మేకు ఆనించి సుత్తి ఎత్తింది, ఎత్తాక తెలిసింది, ఇరవై రెండేళ్ళలో తన గుర్తు ఎలా ఉండాలో ఒక్కసారీ అనుకోలేదు. పక్కన మావయ్య చెప్పులు కనిపిస్తున్నాయి, వాటి వెనక మాస్టారి బూట్లు, నేనింక ఎక్కొచ్చా మేస్త్రీ, అంటున్నాడు మాస్టారు, ఉండవయ్యా, గుర్తు పడనీ, అంటున్నాడు మావయ్య. ఆమె కొట్టింది. కింది నుంచి పైకి, ఏటవాలుగా, ఒకే గీత. చివర్లో కొంచెం వంకర పోయింది.

మావయ్య మోకాళ్ళ మీద వంగి, చెయ్యి లోపలికి చాపి, వేలితో ఆ గీతను మొదటి నుంచి చివరి దాకా తడిమాడు. "ఇక్కడ వంకర పోయింది," అన్నాడు.

"అలాగే ఉంటుంది," అంది ఆమె.